యాడ్ పోతుందని ఆగిపోయే మాట

పోయిన జూన్‌లో, అడ్మిషన్ల హడావుడి మధ్య, నెల్లూరులో మేం నడిపే చిన్న న్యూస్ సైట్‌కి ఒక ఫోన్ వచ్చింది. కాలేజీ ఫీజుల మీద పార్టీలు ఎన్నికల ముందు ఏం చెప్పాయి, గెలిచాక ఏం చేశాయి అని ఒక వ్యాసం వేశాం. అందులో ఏ కాలేజీ పేరూ లేదు. అయినా మా పేజీ పైన బ్యానర్ వేసే కాలేజీ తరఫు మనిషి "తీసేయమనడం లేదన్నా, కొంచెం కిందికి దించండి" అన్నాడు. ఆ బ్యానర్ డబ్బుతోనే మా సర్వర్ ఖర్చు, ఒక కుర్రాడి జీతం గడుస్తున్నాయి. దించాం. సాయంత్రానికి అది ఎవరి కంటా పడని చోటికి పోయింది.

అంతకన్నా నన్ను బాధపెట్టేది తర్వాత జరిగింది. మూడు నెలలు ఫీజుల మీద ఒక్క ముక్క రాయలేదు. ఎవరూ ఆపలేదు. ఆ ఊసు రాగానే మాలోనే ఎవరో ఒకరు "ఇప్పుడెందుకులే" అనేవాళ్లు.

ప్రభుత్వం నోరు నొక్కితే కోర్టుకు వెళ్లొచ్చు. పేపర్లలో ప్రకటనల స్థలానికి కోత పెట్టడం భావప్రకటన స్వేచ్ఛకే దెబ్బ అని 1961లో సకాల్ పేపర్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ వ్యాపారి తన డబ్బు తాను వెనక్కి తీసుకుంటే ఎవరి మీద కేసు వేస్తాం?

మన దగ్గర ప్రకటనలు ఇచ్చేది ఎవరు? కాలేజీలు, ఆస్పత్రులు, రియల్ ఎస్టేట్ వెంచర్లు, ఇటు రొయ్యల మేత కంపెనీలు, అటు చీమకుర్తి గ్రానైట్ వాళ్లు. అందరి పనీ ఏదో ఒక అనుమతితోనో లీజుతోనో ముడిపడి ఉంటుంది. వాళ్లు నాయకుడికి భయపడతారు, మేం వాళ్లకు భయపడతాం. నాయకుడు ఫోన్ ఎత్తాల్సిన పనే లేదు.

పోనీ గూగుల్ యాడ్స్‌తో బతుకుదామంటే అక్కడా అంతే. ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైల్లో అమెరికా సైనికుల చిత్రహింసల ఫొటోలు పెట్టిందని 2015లో అమెరికాలోని యుద్ధ వ్యతిరేక వార్తల సైట్ యాంటీవార్ డాట్ కామ్‌కి గూగుల్ యాడ్స్ ఆపేసింది. 2017లో పెద్ద కంపెనీలు యాడ్స్ వెనక్కి తీసుకున్నాక యూట్యూబ్ నిబంధనలు బిగించింది. వీడియో పక్కన పసుపు డాలర్ గుర్తు పడితే ఆదాయం తగ్గినట్టే. ఎందుకు పడిందో మాట్లాడటానికి మనిషి దొరకడు.

1992లో మన దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ కబురు పేపర్లలో ఊరూరా పాకింది, మరుసటి ఏడాదికి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ పేపర్లు సారా కాంట్రాక్టర్ల ప్రకటనల మీద బతికేవైతే ఆ కబురు ఊరు దాటేదా?

ఇప్పుడు మా పేజీ అడుగున ఎవరి యాడ్ ఎన్నాళ్లుగా ఉందో రాస్తున్నాం. చదివేవాళ్లను నెలకు యాభై రూపాయలు అడుగుతున్నాం, ఇచ్చేవాళ్లు ఇంకా తక్కువే. ఫీజుల వ్యాసాన్ని మళ్లీ పైకి తెచ్చాం. ఆ వారమే బ్యానర్ వెళ్లిపోయింది. కుర్రాడి జీతం ఈ నెల సగమే ఇవ్వగలిగాం.