అది ఆడిటు, ఇది గౌరవం

మొన్న కడపలో ఒక సభలో ముఖ్య అతిథిగారు మైకు అందుకుని సెలవిచ్చారు: "ఎన్నైనా చెప్పండి, సిపాయిని గౌరవించడం తెల్లవాళ్ళ దగ్గర నేర్చుకోవాల!" చప్పట్లు పడ్డాయి. శాలువా కప్పాక కాదనేదెవరు? సరే, నేర్చుకుందాం.

1800లో నిజాం తన రక్షణకు పెట్టుకున్న కంపెనీ పటాలం ఖర్చు కింద కడప, బళ్ళారి సీమల్ని రాసిచ్చేశాడు. అంటే సిపాయి తిన్న కూడు మన రైతు కట్టిన శిస్తు. ఆ శతాబ్దం ముగిసేలోపే ఇక్కడి తెల్ల సైన్యాధిపతి రాబర్ట్స్ దొరకు జ్ఞానోదయమైంది: వీరత్వం వాయవ్య దిక్కునే పండుతుంది, తెలుగువాడు యుద్ధానికి పనికిరాడు! శిస్తుకు పనికొచ్చాడు, అది చాలు. రెండో ప్రపంచ యుద్ధంలో పాతిక లక్షల మంది కావాల్సొచ్చేసరికి మాత్రం మనకూ మీసాలు మొలిచాయి.

కొరడా విషయంలోనూ దొరలు మర్యాద తప్పలేదు. తమ సైన్యంలో 1881లోనే మానేశారు, మనవాళ్ళ వీపుల మీద 1920 దాకా ఆడించారు.

అసలు గౌరవం ఇరాక్‌లో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయి సమాధి కూడా దక్కని 40 వేల పైచిలుకు మందికి బస్రాలో స్మారకం కట్టారు. తెల్ల సిపాయి ఎంత చిన్నవాడైనా పేరు చెక్కారు. మనవాళ్ళలో ఆఫీసర్లకే ఆ భాగ్యం. ఆ నిర్ణయం జరిగిన మీటింగును ఊహించుకుంటే ముచ్చటేస్తుంది.

"దొరా, ఈ పటాలం జాబితా."

"ఇంత పొడుగా! ఎంతమందో అంకె వేసెయ్."

"మరి పేర్లు?"

"వాళ్ళ అమ్మానాన్నలు బస్రా దాకా వచ్చి చదువుతారా ఏం?"

"నెలకు 11 రూపాయల జీతమిచ్చేటప్పుడు పేరు పేరునా రాసుకున్నాం కదా దొరా. వేలిముద్ర కూడా వేయించాం."

"అది ఆడిటయ్యా. ఇది గౌరవం!"

"రాయి చాలకనా దొరా?"

"రాయి బోలెడుంది. టీ తెప్పించు."

మా ఊళ్ళో బస్‌షెల్టర్ ప్రారంభిస్తే కడప బండ మీద వార్డు మెంబరు బావమరిది పేరు దాకా చెక్కుతారు. సముద్రాలు దాటించి, ఇసుకలో చంపించిన మనిషికి ఒక్క వరుస ఇవ్వడానికి మీకు చేతులెట్లా రాలేదురా? వాడికి పేరు పెట్టి, ఊయల ఊపిన తల్లి లేదా? తెల్ల సిపాయి తల్లి ఒక్కతేనా ఏడ్చింది?

2021లో బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో లేచి క్షమాపణ చెప్పాడు. ఎవరెవరికి చెప్పాడని మాత్రం అడక్కండి, మళ్ళీ జాబితా పొడుగవుతుంది.