శిష్యులకు వ్యాసం, గ్యాంగుకు పేరా

ఒక వెబ్ సిరీస్ వచ్చింది. అందులో అయిదుగురు కుర్రాళ్ళ గ్యాంగ్ ఉంది. గ్యాంగుకో పేరుంది, వాళ్ళ డైలాగులు కొన్నాళ్ళపాటు అందరి వాట్సాప్ స్టేటస్‌లలో తిరిగాయి. చెన్నైలో చదువుకుంటున్న ఒక తెలుగు కుర్రాడు ఆ గ్యాంగ్ పేరుతోనే తెలుగు వికీపీడియాలో విడిగా వ్యాసం పెట్టాడు. నాయకుడెవరు, ఎవరు ఎవరితో ఎందుకు తెగతెంపులు చేసుకున్నారు, ఏ ఎపిసోడ్‌లో ఎవరికి దెబ్బలు తగిలాయి, అన్నీ రాశాడు. వ్యాసం నెత్తిన వెంటనే తొలగింపు మూస, అంటే దీన్ని తీసేయాలన్న నోటీసు, పడింది. సిరీస్‌కు వ్యాసం ఉండగా గ్యాంగుకు మళ్ళీ ఎందుకని ఒకరు అడిగారు. ఇంగ్లీషులో ఇలాంటివి బోలెడున్నాయి, తెలుగు దగ్గరికొచ్చేసరికే రూల్స్ గుర్తొస్తాయా అని ఇంకొకరు ఎదురు తిరిగారు. చర్చ పేజీలో మాటా మాటా పెరిగింది.

ఆ కుర్రాడి వ్యాసం విడిగా ఉండనక్కర్లేదని మా అభిప్రాయం. అయితే దాన్ని తొలగించాలన్నవాళ్ళు చెప్పిన కారణం మాకు నచ్చలేదు. ‘ఇది కల్పితం కదా, విజ్ఞాన సర్వస్వంలో దీనికేం పని’ అన్నారు వాళ్ళు. కల్పితమైతే ఏం? పరమానందయ్య శిష్యులు కల్పితం కారా?

ఆ శిష్యుల సంగతే చూద్దాం. ఏరు దాటాలి. ఏరు నిద్రపోతోందో మేలుకొని ఉందో తెలియక కాలుతున్న కొరివి తెచ్చి నీళ్ళలో ముంచుతారు. అది సుయ్యిమనగానే, అమ్మో మేలుకొనే ఉందని గట్టుకు పరిగెత్తుతారు. తీరా దాటాక తలలు లెక్కపెట్టుకుంటారు, లెక్కపెట్టేవాడు తనను వదిలేస్తాడు, ఒకడు తగ్గాడని అందరూ కూర్చుని ఏడుస్తారు. తెలుగింట పుట్టినవాళ్ళకు ఈ కథ వేరే చెప్పక్కర్లేదు. తెలివితక్కువ పని చేసిన జట్టును చూస్తే ‘పరమానందయ్య శిష్యుల్లా తయారయ్యారు’ అంటాం. కథ చదవనివాళ్ళు కూడా ఆ మాట అంటారు. ఈ శిష్యుల మీద 1950లో ఒక సినిమా వచ్చింది, 1966లో సి. పుల్లయ్య దర్శకత్వంలో ఎన్.టి. రామారావుతో మరొకటి వచ్చింది.

చెన్నైలో ఉన్న మనకు దీని వెనక ఇంకో ముచ్చట ఉంది. మెరీనా బీచ్‌లో 1968 ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా నిలబెట్టిన విగ్రహాల్లో వీరమామునివర్ విగ్రహం ఒకటి. ఇటలీ నుంచి వచ్చిన ఈ జెస్యూట్ ఫాదర్ అసలు పేరు బెస్కీ. తమిళంలో పరమార్థ గురువు, ఆయన అయిదుగురు మూఢ శిష్యుల కథలు రాసింది ఈయనే. అక్కడా ఏరు, కొరివి, తలల లెక్క ఉన్నాయి. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన బెంజమిన్ బాబింగ్టన్ ఆ కథలను తమిళ మూలం, ఇంగ్లీషు అనువాదం కలిపి 1822లో లండన్‌లో అచ్చు వేయించాడు. తెలుగు శిష్యులకూ తమిళ శిష్యులకూ ఉన్న పోలిక ఎవరికైనా కనిపిస్తుంది. ఏది ముందు, ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందన్నది మాత్రం వ్యాసం రాసేవాడు తేల్చే పని కాదు. ఆ విషయం మీద పండితులు ఏం రాశారో చూపించి ఊరుకోవాలి. సొంత పరిశోధనలు చేసుకోవడానికి వేరే చోట్లున్నాయి.

ఇంత సరుకున్న గుంపుకు విడిగా వ్యాసం ఇవ్వొచ్చా అని అడిగితే, ఎందుకివ్వకూడదని మేము తిరిగి అడుగుతాం. శిష్యులు కథలోంచి బయటికొచ్చారు. సామెతలోకి, సినిమాలోకి, పక్క భాషతో పోల్చి చూసే చర్చలోకి వెళ్ళారు. కథలో వాళ్ళు ఏం చేశారన్నదానికి వ్యాసంలో ఒక పేరా సరిపోతుంది. మిగతాదంతా బయటి ప్రపంచం వాళ్ళను ఏం చేసుకుందన్న దాని గురించే ఉంటుంది. కల్పిత బృందానికి వ్యాసం ఇవ్వాలా వద్దా అన్నప్పుడు మేము చూసేది ఇదే. కథలో వాళ్ళ ప్రతాపం ఎంత, అభిమానులు ఎన్ని లక్షలు అన్నవి లెక్కలోకి రావు.

ఇంగ్లీషులో దీనికి మంచి ఉదాహరణ షెర్లాక్ హోమ్స్ వెంట తిరిగే వీధి పిల్లల దండు, బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్స్. లండన్ సందుల్లో తిరిగి కబుర్లు మోసుకొచ్చే పిల్లలు వాళ్ళు. కూలి రోజుకో షిల్లింగ్, వెతుకుతున్నది ఎవరి కంట పడితే వాడికి పైన ఒక గినీ. 1887లో వచ్చిన మొదటి హోమ్స్ నవలలోనే కనిపిస్తారు. మొత్తం హోమ్స్ కథలన్నీ తిరగేసినా వాళ్ళకు దక్కిన పేజీలు కాసినే. అయినా 1934లో న్యూయార్క్‌లో హోమ్స్ అభిమానులు అచ్చంగా అదే పేరుతో ఒక సంఘం పెట్టుకున్నారు, అది ఇప్పటికీ నడుస్తోంది. ఊహల్లో పుట్టిన జట్టు పేరుతో నిజమైన జట్టు ఏర్పడింది. ఇక పేజీల లెక్కతో పనేముంది?

‘వాళ్ళకుంది, మాకెందుకు లేదు’ అనే వాదన కూడా ఇంగ్లీషు వికీపీడియా నుంచే వచ్చింది. పోకెమాన్ అంటే ఒక వీడియో గేమ్‌లోని వింత జీవులు. ఒకప్పుడు అక్కడ ఒక్కో పోకెమాన్‌కు ఒక్కో వ్యాసం ఉండేది. మొదటి ఆటల్లోనే 151 రకాలు, ఆ తర్వాత ఇంకా పెరిగాయి. ఏ వ్యాసం తీసేద్దామన్నా ‘పోకెమాన్‌లకు ఉన్నాయి కదా’ అనేవారు. చివరికి ఆ వ్యాసాల్లో చాలావాటిని జాబితాల్లో కలిపేశారు. బయట నిజంగా పేరు పడ్డ కొన్నే విడిగా నిలబడ్డాయి. కల్పిత పాత్రల కోసం విడిగా ఒక ప్రమాణం రాసుకుందామని అక్కడివాళ్ళు చేసిన ప్రయత్నాలు ఏకాభిప్రాయం లేక వీగిపోయాయి. అంచేత ఇంగ్లీషులో ఉంది కాబట్టి తెలుగులోనూ ఉండాలనేవాళ్ళు ఆ వ్యాసం చర్చ పేజీ కూడా ఒకసారి తెరిచి చూడడం మంచిది.

మనకు బాగా ఇష్టమైన గుంపునే తీసుకుందాం. చిన్నమయ్య, లంబు, జంబు. 1957 నాటి ‘మాయాబజార్’, మన వడపళనిలో విజయా వాహినీ వాళ్ళు తీసిన సినిమా. ఆ ముగ్గురినీ తలుచుకుంటేనే నవ్వొస్తుంది. వాళ్ళకు విడిగా వ్యాసం ఇవ్వాలా? మనసు ఇవ్వమంటుంది కానీ, అక్కర్లేదనే మేమంటాం. సినిమా గురించి రాసినవాళ్ళు ఈ ముగ్గురి గురించి రాసింది తక్కువ. రాసినది కూడా సినిమా గురించి రాస్తూ మధ్యలో చెప్పినదే. సినిమా వ్యాసంలో ఒక మంచి విభాగం పెట్టి, ‘లంబు జంబు’ అని వెతికినవాళ్ళు నేరుగా అక్కడికి చేరేలా దారిమార్పు పెడితే చాలు. అందువల్ల వాళ్ళ పరువేమీ పోదు. (దుష్టచతుష్టయం సంగతి వేరు. భారతం కల్పితమా కాదా అనే తగవులో మేము తలదూర్చం గానీ, రాజకీయ నాయకుల నోట ఆ మాట తిరుగుతున్న తీరు చూస్తే దానికి వ్యాసం రాయడానికి సరుకు కొరత ఉండదు.)

ఇక అసలు చిక్కు మూలాల దగ్గర వస్తుంది. వ్యాసం నిలబడాలంటే ఆ విషయంతో సంబంధం లేనివాళ్ళు, నమ్మదగ్గచోట, చెప్పుకోదగ్గంత రాసి ఉండాలన్నది వికీపీడియా నియమం. మంచి నియమం. తెలుగులో మాత్రం దీన్ని పాటించడం చెప్పినంత సులువు కాదు. సినిమా పేజీల్లో వచ్చే వార్తల్లో చాలాభాగం నిర్మాత ఆఫీసు నుంచి వచ్చిన ప్రెస్ నోటే. అది పది పత్రికల్లో పది హెడ్డింగులతో పడుతుంది. వ్యాసం కింద పది లింకులు పెట్టి పది మూలాలున్నాయంటే కుదరదు. పదీ కలిపి ఒకటే మూలం, అదీ సంబంధం ఉన్నవాళ్ళదే. రివ్యూల్లోనూ కథ ముప్పావు భాగం చెప్పి, నటీనటులు ‘పరిధి మేరకు’ నటించారని ముగించడమే ఎక్కువ. గ్యాంగ్ వ్యాసం పెట్టిన కుర్రాడికి దొరికిన మూలాలు ఇలాంటివే. వాడి తప్పు లేదు, విమర్శ అనేది రాసేవాళ్ళే తగ్గిపోయారు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. తెలుగులో పాత్రల గురించి, జానపద బృందాల గురించి నిజంగా రాసినవాళ్ళ రాతలు పుస్తకాల్లో, యూనివర్సిటీ సిద్ధాంత గ్రంథాల్లో, ఆగిపోయిన పత్రికల పాత సంచికల్లో ఉన్నాయి. వాటిలో చాలాభాగం గూగుల్‌లో దొరకదు. తొలగింపు ఓటు వేసేవాళ్ళు రెండు నిమిషాలు సెర్చ్ చేసి ‘మూలాలు లేవు’ అనేస్తున్నారు. ఎగ్మోర్‌లో కన్నెమరా లైబ్రరీ ఉంది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి అక్కడికి రావాలి. తెలుగు పుస్తకాలకు మినహాయింపు లేదు. అక్కడ ఒక పూట వెతికి, ఆ తర్వాత లేవంటే నమ్ముతాం. పాత గుంపుల విషయంలో వ్యాసం తీసేయాలనేవాళ్ళకే ఈ బాధ్యత ఉండాలి. కొత్త సిరీస్‌లోని గ్యాంగ్ విషయంలో మాత్రం రాసినవాడే మూలాలు చూపించాలి.

వికీపీడియాకు ఎంతో ముందే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు తేవడానికి ప్రాణం పెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు పనిచేసింది ఈ చెన్నైలోనే, 1923లో పోయిందీ ఇక్కడే. ఆ సర్వస్వం అకారం దాటలేదు. ఆయనకు కాగితం, డబ్బు, రాసేవాళ్ళు అన్నీ కొరతే, దేనికి చోటివ్వాలో ఆలోచించక తప్పేది కాదు. ఇప్పుడు కాగితం ఖర్చు లేదు కాబట్టి ఏదైనా పెట్టొచ్చనడం సగమే నిజం. వ్యాసాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ఖర్చు ఇంకా ఉంది. తెలుగు వికీపీడియాలో చురుగ్గా రాసేవాళ్ళు కొద్దిమందే. ఎవరూ పట్టించుకోని పేజీలో ఎవడో వచ్చి గ్యాంగ్‌లో ఆరో సభ్యుడిగా తన పేరు చేర్చుకుంటే, అది నెలల తరబడి అలాగే ఉండిపోతుంది.

అందుకని తొలగించే తీరు మీదా మాకు పట్టింపు ఉంది. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరైంది. ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామంది మన అక్షరాలు నేర్చుకునేది ఇంట్లోనే, అమ్మమ్మల దగ్గరో ఫోన్‌లోనో. అలాంటివాళ్ళు మొదటిసారి తెలుగులో నాలుగు పేరాలు టైప్ చేస్తే, అది తమకు నచ్చిన సిరీస్ గురించే ఉంటుంది. రామప్ప గుడి గురించి ఉండాలని ఆశించడం అన్యాయం. ఆ నాలుగు పేరాలను ఒక్క మాట చెప్పకుండా ఎగరగొడితే వాళ్ళు మళ్ళీ ఆ వైపు రారు.

గ్యాంగ్ వ్యాసాన్ని సిరీస్ వ్యాసంలో విలీనం చేయండి. ఎపిసోడ్లవారీ దెబ్బల లెక్క తీసేసి ఒక పేరా ఉంచండి, పాత పేరు మీద దారిమార్పు పెట్టండి, ఎందుకు చేశారో ఆ కుర్రాడి చర్చ పేజీలో నాలుగు ముక్కలు రాయండి. రేపు ఆ గ్యాంగ్ మీద ఎవరైనా గట్టి విమర్శ రాస్తే విడి వ్యాసం మళ్ళీ తెరవొచ్చు, పాత కూర్పు ఆ పేజీ మార్పుల చరిత్రలో ఉండనే ఉంటుంది. ఆ కుర్రాడికి ఓపిక ఉంటే పరమానందయ్య శిష్యుల వ్యాసం చేపట్టమని అడగండి. బాబింగ్టన్ 1822 ప్రతితో మొదలుపెట్టి, కన్నెమరాలో జానపద కథల సంపుటాల మీదుగా 1966 సినిమా దాకా రావచ్చు.