నింతొకు పొయ్యి పొగ చూశాడు సరే, గట్టు కింద మనిషి మాటేమిటి?

జపాన్‌లో మంచి రాజు అనగానే చెప్పే కథ ఒకటుంది. నింతొకు చక్రవర్తి నానివాలో, అంటే ఇప్పటి ఒసాకాలో, ఎత్తైన చోటెక్కి ఊళ్ల వైపు చూశాడట. ఎక్కడా పొగ లేదు. జనం పొయ్యిలో పిల్లి లేవడం లేదని గ్రహించి మూడేళ్లు పన్నులూ వెట్టీ ఎత్తేశాడు. కోట కప్పు కారినా బాగుచేయించలేదు. మూడేళ్లకి పొగలు లేచాయి. "ఇక మనకు లోటు లేదు" అన్నాడు రాజు. ఇల్లు కారుతుంటే లోటు లేకపోవడమేమిటని రాణి అడిగింది. జనం కలిమే నా కలిమి అన్నాడు. ఇంకో మూడేళ్లు పన్నులు వద్దన్నాడు.

కథ నాకూ నచ్చుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడి బడుల్లో దీన్ని నీతి పాఠంగా చెప్పారు. ఒళ్లు మండేది ఎక్కడంటే, ఈ కథ ఉన్న 'నిహోన్ షోకి'లోనే, 720లో పూర్తయిన జపాన్ రాజుల చరిత్ర పుస్తకం అది, తర్వాతి పేజీలు ఎవరూ తిప్పరు.

అందులో రాజు ఏలుబడి పదో ఏట పన్నులు మళ్లీ మొదలు. ముసలీ ముతకా అంతా రాత్రింబవళ్లు పరిగెత్తుకొచ్చి కోట కట్టారట, ఎవరూ అడగకుండానే! రాసింది ఆస్థానం వాళ్లు, ఇంకెలా రాస్తారు? పదకొండో ఏట మందా అనే నది గట్టు పని. రెండు చోట్ల ఎంత కట్టినా తెగిపోతోంది. ఇద్దరు మనుషుల్ని నదికి బలి ఇస్తే నిలుస్తుందని దేవుడు రాజుగారి కలలో చెప్పాడు. వెతికి పట్టుకొచ్చారు. కొవాకుబి అనేవాడు ఏడుస్తూ నీళ్లలోకి దిగి చచ్చిపోయాడు. రెండోవాడు కొరొమొనొకొ గట్టివాడు. సొరకాయ బుర్రల్ని నదిలో వేసి, "నిజంగా దేవుడివైతే వీటిని ముంచు, అప్పుడు నేనూ వస్తా" అన్నాడు. అవి మునగలేదు. అతను బతికిపోయాడు, గట్టూ నిలిచింది. మరి మొదటివాడు ఎందుకు చచ్చినట్టు? ఈ ప్రశ్న రాజుకి వచ్చినట్టు పుస్తకంలో లేదు. నన్నడిగితే ఆ పుస్తకం మొత్తంలో తెలివైన మనిషి ఆ కొరొమొనొకొయే.

ఇక నింతొకుదని చెప్పే సమాధి. ఒసాకా పక్కనున్న సకాయ్‌లో, తాళం చెవి దూర్చే రంధ్రం ఆకారంలో 486 మీటర్ల పొడవు దిబ్బ, చుట్టూ మూడు కందకాలు. 2019లో యునెస్కో జాబితాకెక్కింది. పాతకాలం పనిముట్లతో కట్టాలంటే రోజుకి రెండు వేల మంది దాకా పెట్టినా పదిహేనేళ్ల ఎనిమిది నెలలు పడుతుందని ఒబయాషి నిర్మాణ సంస్థ 1985లో లెక్కగట్టింది. ఆరేళ్ల పన్ను మాఫీ గురించి పొంగిపోయేవాళ్లు ఈ కూలి ఎవరి ఖాతాలో రాస్తారు?

పైగా అందులో ఉన్నది నింతొకుయే అని పురావస్తు పండితులు ఒప్పుకోరు. కొడుకు రిచూదని చెప్పే సమాధి తండ్రి సమాధి కంటే పాతదని తేలుతోంది! తవ్వి చూద్దామంటే రాజకుటుంబ వ్యవహారాల శాఖ లోపలికి రానివ్వదు. పేరు మాత్రం చక్రవర్తిదే ఉంచారు.

ఈసారి ఎవరైనా ఈ పొగ కథ షేర్ చేస్తే, కింద కామెంట్‌లో కొవాకుబి పేరు రాసిపెడతాను.