బొడొదినొకి పగలు తక్కువ, పేచీ ఎక్కువ

ఒడిశాలోని పర్లాకిమిడిలో డిసెంబరు వచ్చిందంటే రెండు తప్పవు. ఒకటి చలి. రెండోది, క్రైస్తవులు క్రిస్మస్ చెయ్యొచ్చా చెయ్యకూడదా అన్న తగువు. చలి సంక్రాంతి దాటాక తగ్గుతుంది.

ఒడియావాళ్లు క్రిస్మస్‌ని బొడొదినొ అంటారు, అంటే పెద్ద రోజు. ఏడాదిలో పగలు బాగా కురచగా ఉండే రోజుల్లో అదొకటి. అంత పొట్టి రోజుకి అంత పెద్ద పేరేమిటని వాళ్లలో ఎవరూ పేచీ పెట్టగా నేను వినలేదు. పేచీలన్నీ మా తెలుగు క్రైస్తవ సంఘంలోనే. అందులోనూ ముప్పాతిక మా మావయ్యవి.

మావయ్య వాదన గట్టిదే, ముందే ఒప్పేసుకుంటున్నాను. డిసెంబరు 25 అని బైబిల్లో ఎక్కడా లేదు. ఆ తేదీకి రోములో దొరికే పాత దాఖలా 336 నాటిది. అదే రోములో 274లో అరీలియన్ చక్రవర్తి సూర్యుడికి గుడి కట్టించాడు. కాబట్టి ఇది సూర్యుడి పండగ, మనం ముట్టుకోకూడదు అని మావయ్య తీర్పు. ఈ తీర్పు ఆయన ఏటా ఆరాధన అయ్యాక, మా చర్చి గుడి మెట్ల మీద నిలబడి, ఆదివారం నాడు చెప్తాడు. ఆదిత్యుడి వారం నాడు. ఆ మాట గుర్తు చేస్తే "అది వేరు అల్లుడూ" అన్నాడు. కూతురి పెళ్లి ఆషాఢం వెళ్లేదాకా ఆపినప్పుడు కూడా అది వేరే.

మావయ్యకి తెలియదు గానీ, ఆయన వెనక పెద్ద బలగమే ఉంది. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్‌ని రద్దు చేసింది. 1659లో అమెరికాలోని మసాచుసెట్స్ కాలనీవాళ్లు, ఆ రోజు పని మానినా విందు చేసుకున్నా ఐదు షిల్లింగుల జరిమానా అని చట్టం చేశారు. అందరూ నికార్సైన క్రైస్తవులే. ఆ చట్టం 1681 దాకా నడిచింది. ఈ సంగతి సంఘం మీటింగులో చెప్పడం నా పొరపాటు. అప్పటిదాకా కునుకుతున్న కోశాధికారిగారు నిటారుగా కూర్చుని, "ఐదు షిల్లింగులంటే ఇప్పుడు మన డబ్బుల్లో ఎంతుంటాది బాబూ?" అన్నారు. మా గుడి ప్రహరీ సగంలో ఆగి ఉంది మరి.

తర్వాత చెట్టు. అడవిలో చెట్టు నరికి వెండి బంగారాలతో అలంకరించడం తప్పని బైబిల్లో యిర్మీయా పదో అధ్యాయంలో ఉందన్నాడు మావయ్య. అది విగ్రహాల గురించి, అప్పటికి క్రిస్మస్ పుట్టనే లేదు అన్నాను. మా చెట్టు చూద్దురు గాని: పాత బిందెలో ఇసక పోసి గుచ్చిన సరుగుడు కొమ్మ. మీద మంచు బదులు దూది. వెండి బదులు చాక్లెట్ రేకులు. మావయ్య చుట్టూ తిరిగి చూసి, "మెరుస్తోందా లేదా?" అన్నాడు. మెరుస్తోంది. ఏం చెప్తాం.

ఇక నక్షత్రం. వెదురు బద్దలు కట్టి, రంగు కాగితం మైదా జిగురుతో అంటించి ఐదు కొమ్ముల నక్షత్రం చేశాం. కట్టేలోగా కాసేపు గోడకి ఆనించాం. టీ తాగొచ్చేసరికి ఎవరిదో ఆవు మైదా వాసనకొచ్చి కింది కొమ్ము నమిలేసింది. మిగిలినవి నాలుగు. ఇలా కడితే బాగుండదని కుర్రాళ్లు దిగులు పడుతుంటే, నక్షత్రానికి ఐదు కొమ్ములని వాక్యంలో ఎక్కడుందని మావయ్య అడిగాడు. ఆ సీజన్ మొత్తానికి ఆయన మాట మాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే. నాలుగు కొమ్ములతోనే కట్టేశాం.

నాటికలోనూ లేఖనాన్ని తూచా తప్పకుండా పాటించాం. బాల యేసుని చూడ్డానికొచ్చిన జ్ఞానులు ముగ్గురని మత్తయి రాయలేదు, కానుకలు మాత్రం మూడు. అందుకని అడిగినవాడికల్లా వేషం ఇచ్చాం. పదకొండు మంది తేలారు, అందరూ వాళ్ల అమ్మల బరంపురం పట్టుచీరల్లో. గొర్రెల కాపరి వేషానికి మనిషి దొరకలేదు.

సెమీ క్రిస్మస్, అంటే అసలు పండక్కి ముందే చేసుకునే వేడుక, దాని మీద మాత్రం మావయ్య వర్గానికి అభ్యంతరం లేదు. అది నెల మొదట్లోనే ఉంటుంది. సెమీ అనే మాట బైబిల్లో ఏ పత్రికలో, ఎన్నో వచనంలో ఉందని ఎవరూ అడగరు. బిరియానీ ఉంటుంది.

ఒకడు ఒక రోజుని గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్నీ సమానమంటాడు, ఎవడి మనసులో వాడు రూఢి చేసుకోవాలి అని పౌలు రోమావాళ్లకి రాసేశాడు. అక్కడితో అయిపోతే సంఘం మీటింగులెందుకు? అందుకే నేనొక ప్రతిపాదన పెట్టాను. ఆర్మేనియా చర్చిది జనవరి 6. రష్యావాళ్లది పాత క్యాలెండరు, మనకన్నా పదమూడు రోజులు వెనక, కాబట్టి జనవరి 7. తప్పు పోకుండా మూడూ చేసేద్దాం. ఇంకో వారానికి సంక్రాంతి, అరిసెల డబ్బా మూత పెట్టే పనే ఉండదు. ప్రతిపాదన పరిశీలనలో ఉంది.

డిసెంబరు 24 రాత్రి రెండు గంటలకి క్యారల్స్ పాడుకుంటూ మావయ్య వీధికొచ్చాం. ఆ ఇంటికి నక్షత్రం లేదు, లైటూ లేదు. మర్యాదగా గొంతు తగ్గించి దాటేస్తుంటే తలుపు తీసిన చప్పుడైంది. అత్త పెద్ద పళ్లెంతో నిలబడింది, అరిసెలు, జంతికలు. వెనకాలే మఫ్లర్ చుట్టుకుని మావయ్య.

"ఇవి పండగవి కావు," అన్నాడు. "ఒడియావాళ్లు కూడా చేస్తారు, అరిసా పిఠా అని. చలికాలం తిండి."

సరేనని తీసుకున్నాం. నాలుగిళ్లు దాటామో లేదో వెనక నుంచి కేక.

"ఒరే అల్లుడూ! రెండో చరణం మింగేశారేట్రా?"