సొంత ఫంక్షన్లు ఇవ్వాలా, వద్దా?

తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల బిల్లుల కోసం ఇక్కడే తెలుగు మాటలతో ఒక స్క్రిప్టు భాష రాసుకున్నారు. అందులో వేరియబుల్సు, షరతులు, లూపులు ఉన్నాయి. ఫ్యాక్టరీ అకౌంటెంట్లు సొంత ఫంక్షన్లు, అంటే ఒకసారి రాసి పేరుతో ఎక్కడైనా పిలుచుకునే లెక్కలు, రాసుకునే వీలు మాత్రం లేదు. అది ఇవ్వాలంటాడు స్క్రిప్టులు చూసే తమ్ముడు. వద్దంటుంది భాష రాసిన అక్క.

తమ్ముడు: ఈ స్క్రిప్టు చూడక్కా. తోతాపురి లోడుకు తరుగు తీసే లెక్క రైతు బిల్లులో ఉంది, ఏజెంటు కమీషన్‌లో ఉంది, రోజువారీ రిపోర్టులోనూ ఉంది. శాతం మారితే మూడు చోట్లా మార్చాలి. ఒకటి మరిచిపోతే నష్టపోయేది రైతే.

అక్క: ఆ తరుగు లెక్కేదో మనమే భాషలో బిల్టిన్‌గా ఇచ్చేద్దాం.

తమ్ముడు: రేపు ఇంకో ఫ్యాక్టరీ బండి బాడుగ వేరేలా లెక్కేస్తుంది. సీజన్ మధ్యలో మన రిలీజ్ కోసం కాచుకుని కూర్చోవాలా? ఎక్సెల్‌లోనే 2020లో లాంబ్డా ప్రకటించారు, ఫార్ములాలతోనే ఫంక్షన్ రాసుకోవచ్చు. అకౌంటెంట్లకు చేతకాదనుకోవద్దు.

అక్క: చేతకాదని కాదు. స్క్రిప్టును చదివి నడిపే మన ఇంటర్‌ప్రెటర్‌లో పేర్లన్నీ ఒకే టేబుల్లో ఉన్నాయి. బిల్లులో 'మొత్తం = 0' అని మొదలుపెట్టి లోడు లోడుకూ కూడుతున్నారనుకో. మధ్యలో 'తరుగు(బరువు)' పిలిచారు. దాని లోపల కూడా 'మొత్తం' అనే పేరే వాడారు. బయటి మొత్తం చెరిగిపోతుంది. ఎర్రర్ రాదు, బిల్లు చక్కగా ప్రింటవుతుంది, అంకె మాత్రం తప్పు. నాకు టెన్షన్ అదే.

తమ్ముడు: పిలిచిన ప్రతిసారీ కొత్త టేబుల్ ఇద్దాం. కావలసిన విలువలు బ్రాకెట్లో పారామీటర్లుగా తీసుకోవాలి, లోపల పుట్టిన పేరు పని అయిపోగానే పోతుంది.

అక్క: ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటే? పిలుపులను గుర్తుపెట్టుకునే మెమరీ, అదే స్టాక్, నిండి సర్వర్ పడిపోతుంది. పైథాన్ భాష కూడా మామూలుగా 1000 పిలుపుల దగ్గర ఆపేస్తుంది. ఇవన్నీ మనం కట్టడమెందుకు, లువా అనే రెడీమేడ్ స్క్రిప్టు భాష పెట్టేద్దాం. బ్రెజిల్‌లో పెట్రోబ్రాస్ అనే చమురు కంపెనీ కోసం రాసిన రెండు చిన్న భాషలు చాలకే 1993లో అది పుట్టింది.

తమ్ముడు: మామూలు లువాలో వేరియబుల్‌కు 'తరుగు' అని తెలుగులో పేరు పెట్టలేం కదా! ఇన్నాళ్లూ తమ లెక్క తామే చదువుకున్నవాళ్ల చేతిలోంచి దాన్ని లాగేసుకున్నట్టవుతుంది. తనను తానే పిలుచుకోవడం, అదే రికర్షన్, మనకు అక్కర్లేదు. పాత భాష ఫోర్ట్రాన్‌కు 1958లోనే సబ్‌రొటీన్లు, అంటే ఇలా పేరుతో పిలిచే భాగాలు, వచ్చినా, రికర్షన్ ప్రమాణంలోకి వచ్చింది ఫోర్ట్రాన్ 90తోనే. ఏ ఫంక్షనైనా తనకంటే పైన రాసినదాన్నే పిలవాలి, అంతే.

అక్క: అలాగైతే స్క్రిప్టు నడవకముందే, దాన్ని చదివి విడదీసే పార్సర్‌లో పట్టుకోవచ్చు. సరే, ఇది బాగుంది. కానీ తప్పొస్తే '12వ లైన్లో తరుగు, పిలిచింది 41వ లైను' అని తెలుగులో చెప్పాలి. అది లేకుండా నేను ఒప్పుకోను.

తమ్ముడు: పిలిచిన లైను నంబరు ఆ కొత్త టేబుల్లోనే దాచిపెడతా.

అక్క: ఈ సీజన్లో మాత్రం వద్దు. కాయ ఆగాక పాత బిల్లులన్నీ కొత్తదానిలో వేసి చూపించు. ఒక్క రైతు బిల్లులో రూపాయి తేడా వచ్చినా బయటికి ఇవ్వను.