ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేద్దామా? బాబాయ్, అబ్బాయి వాదన

(రికార్డ్ ప్లేయర్ ఆన్ చేయగానే పాట కింద గుంయ్‌మని ఒకటే మోత. యాంప్లిఫయర్ త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ తీసేస్తే పోతుందని బాబాయ్ పట్టు. అబ్బాయి ఒప్పుకోవడం లేదు.)

బాబాయ్: దీనికింత చర్చ ఎందుకురా? ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించు, మోత ఆగిపోతుంది. ఎన్ని సెట్లకు అలా చేశానో!

అబ్బాయి: ఆగొచ్చు బాబాయ్, కాదనను. కానీ రేపు యాంప్లిఫయర్ లోపల ఫేజ్ వైరు బాడీకి తగిలిందనుకో. ఎర్త్ ఉంటే ఫ్యూజు పోతుంది. లేకపోతే 230 వోల్టులూ ఆ బాడీ మీదే ఉంటాయి. ప్లేయర్ వెనక నుంచి వచ్చే సన్నటి గ్రౌండ్ వైరు టోన్ ఆర్మ్‌ని, అంటే సూదిని మోసే కడ్డీని, ఆ బాడీకే కలుపుతుంది. ఎల్పీ ఒక వైపు అయిపోయిన ప్రతిసారీ మనం వేలు పెట్టి ఎత్తేది ఆ ఆర్మ్‌నే.

బాబాయ్: అసలు మన ఇళ్లలో ఎర్త్ ఎక్కడ ఏడ్చింది? బోర్డుకి మూడు కన్నాలుంటాయి గానీ చాలా ఇళ్లలో పై కన్నం వెనక వైరే ఉండదు. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్త్ గుంటలో నీళ్లు పోసే దిక్కు లేదు. లేని ఎర్త్‌ని పీకితే కొత్తగా పోయేదేముంది?

అబ్బాయి: నువ్వన్నది చాలా ఇళ్ల విషయంలో నిజమే. అలాంటి చోట ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ వేయించాలి. అయితే ఒక్కటి ఆలోచించు. పై కన్నంలో వైరు లేకపోతే పిన్ను పీకినా మోతలో తేడా రాకూడదు. నువ్వు పీకిన చోటల్లా మోత ఆగిందంటే అక్కడ ఎర్త్ వైరు ఉన్నట్టే కదా! ఉన్నదాన్నే తీసేశావు.

బాబాయ్: సరే, దొరికిపోయాను. మరి మోత ఎర్త్ వల్లే వస్తోందని నువ్వూ ఒప్పుకున్నట్టేగా?

అబ్బాయి: ఒక్కోసారి. ప్రతిసారీ కాదు. అందుకే పీకే ముందు వెతకమంటున్నాను. సూది ఎత్తేసి వాల్యూమ్ కొంచెం పెంచు. మోత అలాగే ఉంటే అది కరెంటు మోత. యాంప్లిఫయర్ సెలెక్టర్‌ని ఫోనో (రికార్డ్ ప్లేయర్ ఇన్‌పుట్) నుంచి వేరే ఇన్‌పుట్‌కి తిప్పితే పోయిందా, గొడవ ప్లేయర్ నుంచి ప్రీఆంప్ దాకా, అంటే దాని సిగ్నల్‌ని ముందుగా పెంచే భాగం దాకా, ఉన్న దారిలోనే ఉంది. ఆ దారి మహా సున్నితం. సూదిని పట్టుకుని ఉండే మామూలు మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. ప్రీఆంప్ దాన్ని దాదాపు వంద రెట్లు పెంచుతుంది. పైగా రికార్డు కోసేటప్పుడు బాస్‌ని తగ్గించి కోస్తారు కాబట్టి వినేటప్పుడు ఆర్‌ఐఏఏ అనే రికార్డుల ప్రమాణం లెక్క ప్రకారం మళ్లీ పెంచాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. మధ్య స్వరాలతో పోలిస్తే ఆ 50 హెర్ట్జ్ ఇంకో ఏడు రెట్లు పెరుగుతుంది. టేప్ డెక్ పెడితే వినపడని మోత ఇక్కడ వినపడేది అందుకే. ఇప్పుడు ఆ గ్రౌండ్ వైరు చూడు. కొసన యు ఆకారంలో ఉన్న రేకు స్క్రూ కింద వదులుగా ఉందా, చిలుము పట్టిందా? విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించు. మోత ఒక్క స్పీకర్లోనే వస్తుంటే కార్ట్రిడ్జ్ వెనక నాలుగు పిన్నులు చూడు: తెలుపు, నీలం ఎడమవి, ఎరుపు, ఆకుపచ్చ కుడివి. నీలం గానీ ఆకుపచ్చ గానీ ఊడితే ఆ వైపు గుంయ్‌మంటుంది. ఆర్మ్ పక్కకి జరిగే కొద్దీ మోత మారుతుంటే మోటారో, దగ్గర్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మరో కారణం. యాంప్లిఫయర్‌ని ఒక మూర దూరం జరిపి చూడు.

బాబాయ్: అన్నీ కరెంటు సంగతులే చెప్పావు. స్పీకర్లు పెట్టిన బల్ల మీదే ప్లేయర్ కూడా పెట్టుకుని, సూది ఆనించగానే ఊళ వస్తోందని మొత్తుకునేవాళ్లని చూశాను. వాళ్లు నీ వైర్లు ఎన్ని రుద్దితే పోతుంది?

అబ్బాయి: పోదు. స్పీకర్ అదురు సూదిలోకెక్కి మళ్లీ స్పీకర్‌కే వెళ్తుంది. బల్ల మార్చాల్సిందే. అది నేను ముందే చెప్పాల్సింది.

బాబాయ్: ఇంకోటి. నా 78 రికార్డులు, అదే నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పాత లక్క రికార్డులు కూడా శుభ్రం చేసి పెడతానన్నావట. ఆ చిటపట పోతే అవి పాత రికార్డుల్లాగే ఉండవు. వాటి జోలికి రాకు.

అబ్బాయి: చిటపటలో సగం నీ సూదిదే. ఎల్పీ సూది మొన వ్యాసార్థం సుమారు 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 78 గాడికి కావాల్సింది 75 దాకా. సన్న సూది గాడి అడుక్కి దిగి అక్కడి మురికిలో నడుస్తోంది.

బాబాయ్: సరైన సూది పెట్టినా మొత్తం పోదురా. ఆ లక్కలో రాతిపొడి కలిపి పోశారు. అది గీరుకోక మానదు.

అబ్బాయి: మానదు, ఒప్పుకుంటాను. కానీ నువ్వు వాటిని స్పిరిట్‌తో తుడుస్తున్నావని పిన్ని చెప్పింది. అది మాత్రం ఈ రోజే ఆపెయ్. లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. మురికితో పాటు పాట కూడా పోతుంది.

బాబాయ్: ...అది తెలియదు. ఆపేస్తాను. ముందు మోత సంగతి తేల్చు. నువ్వు చెప్పినవన్నీ చూసినా తగ్గకపోతే?

అబ్బాయి: అప్పుడే ఎర్త్ వైపు చూడాలి. యాంప్లిఫయర్‌కి బోర్డు నుంచి ఒక ఎర్త్ ఉంది. టీవీ నుంచి వచ్చిన ఆడియో వైరు, దాని వెనక కేబుల్ వైరు ఇంకో ఎర్త్ తెస్తాయి. రెండింటి మధ్య తిరిగే కరెంటే ఆ మోత. కేబుల్ విప్పగానే పోతే దొంగ దొరికినట్టే. దానికి ఆడియో వైరు మధ్యలో పెట్టే చిన్న ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, రెండు ఎర్త్‌లూ కలవకుండా పాటను మాత్రమే దాటిస్తుంది.

బాబాయ్: దానికి డబ్బు పెట్టాలి. పిన్ను పీకడానికి పైసా ఖర్చు లేదు.

అబ్బాయి: కేబుల్ విప్పి చూడటానికీ లేదు బాబాయ్. టీవీ వెనక నువ్వు విప్పు, నేను వాల్యూమ్ దగ్గర ఉంటాను.