చివరి బస్సు సంగతి కూడా రాయాల్సింది
పల్లె పిల్లలకు కళల్లో అవకాశాలు రావాలంటే నగరంలో వర్క్‌షాపులు పెంచాలని వ్యాసంలో రాశారు. బాగానే ఉంది. మా మేనల్లుడు తెనాలి దగ్గర పల్లె నుంచి విజయవాడకు నాటకం రిహార్సల్స్‌కి వెళ్లేవాడు. ఎనిమిదిన్నర అయితే చాలు, వాడి చూపు డైలాగుల మీద కాదు, గోడ గడియారం మీదే. చివరి బస్సు టెన్షన్! మూడో నెలలో మానేశాడు.

కొండపల్లిలో చూడండి. తెల్లపొణికి కర్రతో బొమ్మ చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతికిస్తారు. ఆ పని పిల్లలకు ఇంట్లో పెద్దల పక్కన కూర్చుంటేనే వచ్చేది. నాటకం కూడా అలా ఊళ్లోనే నేర్చుకునే వీలుండాలి. మా ఊరి హైస్కూల్ స్టేజీ సాయంత్రమైతే ఖాళీయే (మేకలు పడుకుంటున్నాయి లెండి). వారానికి రెండు రోజులు ఒక నాటకం మాస్టారు అక్కడికే వస్తే, ఆయన బస్సు ఛార్జీలు ఊళ్లో మేమే వేసుకుంటాం.